ఏడుపు విని ‘గ్యాస్’ అని చెప్పే బేబీ యాప్‌లు: భద్రాచలం అడవి అంచున మూడు వారాలు వాడి చూశా

ప్లే స్టోర్‌లో ‘బేబీ క్రై’ అని సెర్చ్ చేసి చూడండి. ఫోన్‌ని బిడ్డ దగ్గర పెట్టి కొన్ని సెకన్లు ఏడుపు రికార్డ్ చేస్తే చాలు, ఆకలా, నిద్రా, గ్యాసా చెప్పేస్తాం అనే యాప్‌లు వరుసగా వస్తాయి. కొన్ని ఫ్రీ, కొన్నింటికి నెలనెలా సబ్‌స్క్రిప్షన్. చాలావాటి మీద ‘ఏఐ’ ముద్ర ఉంటుంది, పక్కనే ఊరించే యాక్యురసీ నంబర్ ఒకటి.

మామూలుగా మనం ఇక్కడ ఫోన్లు, ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచ్‌ల గురించి మాట్లాడుకుంటాం. అవి బాగోకపోతే పోయేది కొన్ని వేల రూపాయలు. ఈ కేటగిరీ అలా కాదు. యాప్ ‘గ్యాస్’ అంది కదా అని ఇంట్లోవాళ్లు ఆగిపోయి, ఆ ఏడుపుకి కారణం వేరే అయితే, అక్కడ పోయేది టైమ్. నెల, రెండు నెలల బిడ్డ విషయంలో ఆ టైమే చాలా ఖరీదు. అందుకే ఈసారి ఫీచర్ల టేబుల్ పక్కన పెట్టేసి ఒకే ప్రశ్న పట్టుకున్నాను: పసిబిడ్డ పొట్టలో గాలి చిక్కుకుందని ఎలా గుర్తుపట్టాలి, అందులో మన ఫోన్ ఎంతవరకు పనికొస్తుంది?

టెస్టింగ్ ఎక్కడ, ఎలా?

మా ఊరు భద్రాచలం దాటాక దుమ్ముగూడెం వైపు. ఖమ్మం నుంచి భద్రాచలానికే సుమారు 120 కిలోమీటర్లు, అక్కడి నుంచి గోదావరి పక్కనే ఇంకా పైకి రావాలి. చుట్టూ ఎక్కువ కోయ గూడేలు. కొంచెం ముందుకెళ్తే ఛత్తీస్‌గఢ్ అడవి. భద్రాచలం టౌన్ తెలంగాణలో ఉంది, ఆనుకునే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 2014లో ఇక్కడి మండలాలు కొన్ని అటు వెళ్లాయి కదా, అప్పటి నుంచి మాకు రాష్ట్రం మారడమంటే వీధి మారినంత పని.

అక్క మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. నేను వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకుని ఇంటికి చేరేసరికి బాబుకి మూడు వారాలు. రోజూ సాయంత్రం ఆరు దాటితే వాడి ఏడుపు మొదలయ్యేది. పాలు పట్టినా, ఎత్తుకుని తిప్పినా ఆగేది కాదు. ఇంట్లో ప్రతివాళ్లదీ ఒక డయాగ్నసిస్. నాయనమ్మ దిష్టి అంటుంది, అమ్మ ‘పాలు చాలట్లేదేమో’ అంటుంది, పక్కింటి పెద్దమ్మ గ్యాస్ అంటుంది.

నేను మూడు యాప్‌లు ఇన్‌స్టాల్ చేశాను. మిడ్‌రేంజ్ ఆండ్రాయిడ్ ఫోన్, మూడు వారాలు. సమస్య ఏ ఒక్క యాప్‌దో కాదు కాబట్టి పేర్లు రాయట్లేదు. మొదటి ఇబ్బంది నెట్. మూడింట్లో రెండు యాప్‌లు ఆడియోని సర్వర్‌కి పంపి జవాబు తెచ్చుకుంటాయి. మా ఇంట్లో సిగ్నల్ రెండు గీతలు, అరుగు మీదకి వస్తే మూడు. ఏడ్చే పిల్లాడిని వదిలేసి లోడింగ్ చక్రం చూస్తూ కూర్చోవడం ఎవరి వల్ల అవుతుంది?

రెండోది ఇంకా పెద్ద ఇబ్బంది. ఒకే ఏడుపు క్లిప్‌ని మూడింటికీ వినిపించాను. ఒకటి ఆకలి అంది, ఒకటి గ్యాస్ అంది, ఇంకోటి నిద్ర అంది. అదే యాప్‌కి అదే క్లిప్ మళ్లీ వినిపిస్తే ఒకసారి జవాబు మారింది కూడా. ఇదంతా చూస్తున్న నాయనమ్మ ఒకటే మాట అంది: “ఆ డబ్బాని అడుగుతావేందిరా, పిల్లోడి పొట్ట చూడు.”

ఆ మాట వెనక ఉన్న టెక్నికల్ కారణాలు చూద్దాం.

మోడల్ వెనక డేటా ఎంత?

మెషీన్ లెర్నింగ్ మీద కొంచెం చేయి తిరిగినవాళ్లకి ‘డొనేట్ ఎ క్రై’ అనే ఓపెన్ డేటాసెట్ తెలిసే ఉంటుంది. తల్లిదండ్రులు ఫోన్‌లో బిడ్డ ఏడుపు రికార్డ్ చేసి, కారణం తామే ట్యాగ్ చేసి పంపినవి ఇందులో ఉన్నాయి. ఏడుపు క్లాసిఫికేషన్ మీద నెట్‌లో కనిపించే స్టూడెంట్ ప్రాజెక్టులు చాలావరకు దీని మీదే నడుస్తాయి. శుభ్రం చేసిన వెర్షన్‌లో మొత్తం 457 క్లిప్‌లు. లెక్క ఇలా ఉంటుంది:

- ఆకలి: 382
- అసౌకర్యం: 27
- అలసట: 24
- కడుపు నొప్పి: 16
- తేన్పు రావాల్సి ఉండటం: 8

ఇప్పుడు ఒక మోడల్ రాద్దాం. అందులో ఒకటే లైన్: ఏది వినిపించినా ‘ఆకలి’ అని రిటర్న్ చెయ్. దాని యాక్యురసీ దాదాపు 84 శాతం వస్తుంది. ఒక్క గ్యాస్ కేసు కూడా పట్టుకోకుండానే! యాప్ పేజీలో పెద్ద అక్షరాల్లో నంబర్ కనిపించినప్పుడు మనం అడగాల్సింది ‘ఎంత శాతం?’ అని కాదు, ‘ఏ క్లాస్‌లో, ఎన్ని శాంపిల్స్ మీద?’ అని.

లేబుళ్ల సమస్య ఇంకొకటి. ఆ 8 క్లిప్‌లకి ‘తేన్పు’ అని పెట్టింది ఎవరు? ఇంట్లోవాళ్లు, అంచనాతో. అంటే మోడల్ నేర్చుకుంటున్నది బిడ్డ మనసు కాదు, పెద్దవాళ్ల గెస్. కాలిఫోర్నియాలోని యూసీఎల్‌ఏ వాళ్ల ‘చాటర్‌బేబీ’ ఈ చిక్కుని కొంత తెలివిగా దాటింది. నొప్పి ఏడుపు కోసం టీకా వేసేటప్పుడు, చెవులు కుట్టేటప్పుడు వచ్చిన ఏడుపులు తీసుకున్నారు. సూది గుచ్చారు కాబట్టి అది నొప్పే అని గ్యారంటీ. గ్యాస్‌కి అలాంటి గ్యారంటీ లేబుల్ ఎక్కడ దొరుకుతుంది? పొట్టలోకి తొంగి చూసి చెప్పేవాళ్లు ఉండరు కదా.

తైవాన్‌లో నేషనల్ తైవాన్ యూనివర్సిటీ హాస్పిటల్ యున్‌లిన్ శాఖ వాళ్లు కూడా ఇలాంటి యాప్ ఒకటి తెచ్చారు. రెండు వారాల లోపు పిల్లల్లో 92 శాతం కరెక్ట్ అన్నారు, నాలుగు నెలల లోపు అయితే 77 శాతం. చూశారా, పిల్లాడు పెరిగేకొద్దీ నంబర్ పడిపోతోంది. పైగా అది చెప్పేది ఆకలి, తడి డైపర్, నిద్ర, నొప్పి. గ్యాస్ అనే లేబులే అందులో లేదు.

ఆస్ట్రేలియాకి చెందిన ప్రిసిల్లా డన్‌స్టన్ పేరు కూడా ఈ యాప్‌ల దగ్గర తరచుగా వినిపిస్తుంది. మూడు నెలల లోపు పిల్లలందరూ ఐదు శబ్దాలు చేస్తారని ఆమె సిద్ధాంతం. ‘నె’ అంటే ఆకలి, ‘ఎ’ అంటే తేన్పు, ‘ఎయర్’ అంటే కింద పొట్టలో గ్యాస్, ఇలా. 2006లో ఓప్రా షోలో వచ్చాక ప్రపంచమంతా పాకింది. వినడానికి బాగుంటుంది. పరీక్షకి నిలబడిందా అంటే, 2023లో ఫ్రాన్స్‌లోని సెయింట్ ఎటియెన్ యూనివర్సిటీ టీమ్ ప్రచురించిన స్టడీ చూడాలి. 24 మంది పిల్లల ఇళ్లలో, 15 రోజుల వయసు నుంచి మూడున్నర నెలల వరకు రికార్డ్ చేసి, 39,201 ఏడుపులు సేకరించారు. ఆ ఏడుపు ఏ బిడ్డది అనేది గుర్తుపట్టడం కుదిరింది. ఎందుకు ఏడుస్తోంది అనేది మాత్రం అటు అల్గారిథమ్‌కీ అందలేదు, ఇటు మనుషులకీ అందలేదు.

మన ప్రాంతానికి ఇంకో విషయం కూడా ఉంది. 2009లో వచ్చిన ఒక పరిశోధనలో 30 మంది ఫ్రెంచ్, 30 మంది జర్మన్ నవజాత శిశువుల ఏడుపు పోల్చారు. ఫ్రెంచ్ పిల్లల ఏడుపు కింద నుంచి పైకి లేస్తే, జర్మన్ పిల్లలది పైనుంచి కిందికి దిగింది. కడుపులో ఉండగా విన్న భాష లయ ఏడుపులోకీ వస్తుందన్నమాట. మరి దుమ్ముగూడెంలో కోయ భాష వింటూ పుట్టిన బిడ్డ ఏడుపుని ఎక్కడో రికార్డ్ చేసిన డేటాతో పోల్చి ఇచ్చే రిజల్ట్‌ని ఎంత నమ్మొచ్చు? యాప్ పేజీలో దానికి జవాబు ఉండదు.

మరి గ్యాస్ సంకేతాలు ఏంటి?

ఏడుపు శబ్దం నుంచి కారణం తెలియదు. ఒళ్లు చూస్తే, టైమ్ చూస్తే చాలావరకు తెలుస్తుంది. చూడాల్సినవి ఇవి:

1. మోకాళ్లు పొట్ట మీదకి ముడుచుకోవడం, మళ్లీ ఒక్కసారిగా చాపడం.
2. పొట్ట బిగుతుగా, ఉబ్బినట్టు ఉండటం. వేలితో మెల్లగా తడితే డోలు మీద తట్టినట్టు బోలుగా శబ్దం రావడం.
3. పాలు తాగుతూ తాగుతూ రొమ్ము వదిలేసి మెలికలు తిరగడం, మళ్లీ పట్టుకోవడం, మళ్లీ వదిలేయడం.
4. వీపు విల్లులా వెనక్కి వంచడం, పిడికిళ్లు బిగించడం, మొహం ఎర్రబడటం, ముక్కడం.
5. తాగిన కాసేపటికి, పడుకోబెట్టగానే ఏడుపు మొదలవడం.
6. తేన్పో, కింద నుంచి గాలో పోగానే మొహం తేటపడి, మళ్లీ పాలు తాగడం లేదా నిద్రపోవడం.

వీటిలో మొదటి ఐదూ వేరే కారణాలతో కూడా వస్తాయి. ఆకలేసినా పిడికిళ్లు బిగుస్తాయి. విరేచనం వచ్చే ముందు కూడా ముక్కుతారు. అసలైన క్లూ ఆరోది. గాలి పోయింది, బిడ్డ కుదుటపడ్డాడు. కోడ్‌లో బగ్ అనుమానించిన లైన్ తీసేస్తే ఎర్రర్ పోయినట్టు. ఆ జత మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే అది గ్యాస్ అనుకోవచ్చు.

ఏడుపుకి ఏడుపుకి మధ్య బిడ్డ ఎలా ఉన్నాడనేది కూడా అంతే ముఖ్యం. బాగా తాగుతూ, మొదటి వారం దాటాక రోజుకి ఆరు సార్లకి తగ్గకుండా ఒంటేలు పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే, సాయంత్రం ఏడుపు ఎంత గట్టిగా ఉన్నా కంగారు తగ్గించుకోవచ్చు.

గాలి వల్ల ఏడుపా, ఏడుపు వల్ల గాలా?

పాలతో పాటు గాలి మింగుతారు. రొమ్ము సరిగా పట్టించకపోతే, సీసా పీక రంధ్రం మరీ పెద్దదైనా మరీ చిన్నదైనా ఎక్కువ మింగుతారు. ఏడ్చేటప్పుడు ఇంకా మింగుతారు. అంటే ఇది ఫీడ్‌బ్యాక్ లూప్. వేరే కారణంతో మొదలైన ఏడుపు పది నిమిషాలకి పొట్ట నిండా గాలి నింపుతుంది. అప్పుడు చూసినవాళ్లకి పొట్ట ఉబ్బి కనిపిస్తుంది, ‘గ్యాసే’ అనేస్తారు. కోరిలేషన్ వేరు, కాజేషన్ వేరు అని మనం రోజూ చెప్పుకునేదే.

ఆరోగ్యంగా ఉన్న పిల్లలు కూడా మొదటి నెలల్లో చాలా ఏడుస్తారు. ఆరు వారాల దగ్గర పతాక స్థాయికి వెళ్లి, మూడు నాలుగు నెలలకి దానంతటదే తగ్గుతుంది. రోజుకి 3 గంటలు దాటి, వారానికి 3 రోజులు దాటి, 3 వారాలు దాటి ఏడిస్తే దాన్ని కోలిక్ అనాలని 1954లో వెసెల్ అనే డాక్టర్ టీమ్ ఒక లెక్క పెట్టింది. ఈ మూడు మూళ్ల సూత్రం ఇప్పటికీ అందరికీ గుర్తుంది. కోలిక్‌కి అసలు కారణం గ్యాసే అని మాత్రం ఎవరూ తేల్చలేదు.

తేన్పు తీయించడం, డ్రాప్స్, గ్రైప్ వాటర్

మూడు పొజిషన్లు అందరికీ తెలిసినవే. భుజం మీద వేసుకోవడం, ఒళ్లో కూర్చోబెట్టి గడ్డం కింద చేయి ఆనించడం, తొడల మీద బోర్లా పడుకోబెట్టడం. వీపు మీద మెల్లగా తట్టాలి, కొన్ని నిమిషాలు చాలు. రాకపోతే వదిలేయొచ్చు. చండీగఢ్ పీజీఐ వాళ్లు 71 మంది తల్లీబిడ్డల మీద చేసి 2015లో ప్రచురించిన ట్రయల్‌లో, తేన్పు తీయించడం వల్ల కోలిక్ ఏడుపు తగ్గలేదు, పైగా పాలు కక్కడం కొంచెం ఎక్కువైంది. కాబట్టి తేన్పు రాలేదని నిద్రపోయిన బిడ్డని లేపి అరగంట తట్టక్కర్లేదు. కాళ్లు సైకిల్ తొక్కినట్టు ఆడించడం, పొట్ట మీద గుండ్రంగా మెల్లగా నిమరడం, మెలకువగా ఉన్నప్పుడు మన కళ్ల ముందు కాసేపు బోర్లా వేయడం లాంటివి చేయొచ్చు. నిద్రకి మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే.

ఇక మందులు. గ్రైప్ వాటర్‌ని 1851లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారుచేశాడు. అప్పటి ఫార్ములాలో ఆల్కహాల్ ఉండేది. ఇప్పుడు తీసేశారు, నమ్మకం మాత్రం అలాగే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట సూటిగా ఉంటుంది: మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఏదీ వద్దు, నీళ్లు కూడా. మన ఇళ్లలో నాకించే వస, తేనె, ఆముదం కూడా ఈ లిస్టులోకే వస్తాయి. తేనె అయితే ఏడాది నిండేవరకు అసలు వద్దు, బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఇంగువ నీళ్లు బొడ్డు చుట్టూ రాస్తే రాయనివ్వండి, నోట్లోకి వద్దు. ఆముదం రాసి కాచిన తమలపాకు పొట్ట మీద వేసేవాళ్లు ఉంటే, ముందు అది మీ ముంజేయి మీద పెట్టుకుని వేడి చూడండి.

సిమెథికోన్ డ్రాప్స్ గ్యాస్ బుడగల్ని విడగొడతాయి. అయితే 1994లో 83 మంది పిల్లల మీద వచ్చిన ట్రయల్‌లో ఉత్తుత్తి మందుకీ దీనికీ తేడా కనిపించలేదు.

ఇక్కడే జాగ్రత్తగా చదవాల్సిన స్పెసిఫికేషన్ ఒకటుంది. ‘కడుపు నొప్పి డ్రాప్స్’ పేరుతో మెడికల్ షాపుల్లో దొరికే కొన్ని సీసాల్లో సిమెథికోన్‌తో పాటు డైసైక్లోమిన్ అనే మందు ఉంటుంది. ఆరు నెలల లోపు పిల్లలకి డైసైక్లోమిన్ ఇవ్వకూడదు, ఊపిరి ఆగిపోయిన కేసులు ఉన్నాయి. ఫోన్ కొనేముందు ప్రాసెసర్ పేరు చదివినట్టే, సీసా మీద చిన్న అక్షరాల కంపోజిషన్ కూడా చదవండి. కంటికి ఆనకపోతే ఫోన్ కెమెరాతో ఫొటో తీసి జూమ్ చేయండి. నా మూడు వారాల్లో ఫోన్ చేసిన పనుల్లో చాలా విలువైనది ఇదే. పక్కింట్లో వాడుతున్న సీసా మీద ఆ పేరు కనిపించింది. వాళ్లు ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లారు.

ఇది గ్యాస్ కాదు, బయల్దేరండి

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా యాప్, తేన్పు, డ్రాప్స్ అన్నీ పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి:

- పాలు తాగడం మానేయడం, లేదా బాగా తగ్గిపోవడం
- చంకలో థర్మామీటర్ పెడితే 37.5 సెల్సియస్ (99.5 ఫారెన్‌హీట్) లేదా అంతకంటే ఎక్కువ, లేదా 35.5 కంటే తక్కువ
- పచ్చ రంగు వాంతి. పేగు మెలిక పడి ఉండొచ్చు, గంటలు కూడా లెక్కే
- మూడు నుంచి ఆరు వారాల వయసులో తాగిన ప్రతిసారీ దూరంగా చిమ్మినట్టు వాంతి
- విరేచనంలో రక్తం
- ఏడుపు ఆగాక కూడా పొట్ట గట్టిగా, ఉబ్బి ఉండటం
- గజ్జల్లో గట్టి వాపు
- నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువ సార్లు ఊపిరి, డొక్కలు లోపలికి లాగడం
- మగతగా, వదులుగా ఉండటం, ఫిట్స్, లేదా ఎప్పుడూ వినని సన్నని కీచు ఏడుపు

భద్రాచలంలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది. 108కి ఫోన్ చేసేటప్పుడు ఊరు, మండలంతో పాటు రాష్ట్రం కూడా ముందే చెప్పండి. మా బోర్డర్‌లో అది చెప్పకపోతే కన్‌ఫ్యూజన్ అవుతుంది. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా, దగ్గర్లో వేరే నెట్‌వర్క్ టవర్ అందుతుంటే 112 కాల్ దాని మీదుగా వెళ్లే వీలుంది. స్క్రీన్ మీద ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అని కనిపించేది అందుకే.

ఇంకో మాట. రాత్రి రెండింటికి ఏడుపు ఆగకపోతే ఎంత ప్రేమ ఉన్నవాళ్లకైనా కోపం వస్తుంది. ఆ కోపంలో పసిబిడ్డని కుదిపితే మెదడు దెబ్బతింటుంది, ప్రాణం పోవచ్చు. చేతులు వణుకుతున్నాయనిపిస్తే బిడ్డని వెల్లకిలా చాప మీద పడుకోబెట్టి, ఇంకొకరిని లేపి, ఐదు నిమిషాలు బయట నిలబడండి. మా ఇంట్లో మేం వంతులు వేసుకున్నాం. పది నుంచి పన్నెండు నాది.

ఫోన్‌లో నిజంగా పనికొచ్చే యాప్‌లు

అన్నీ ఆల్రెడీ మీ ఫోన్‌లోనే ఉన్నాయి. నెట్ అక్కర్లేదు.

స్టాప్‌వాచ్: బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకి లేపి, పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటి లెక్కపెట్టాలి. పూర్తిగా 60 సెకన్లు. పసిబిడ్డల ఊపిరి ఒకే లయలో ఉండదు, కాసేపు వేగంగా, కాసేపు ఆగినట్టు ఉంటుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది. శాంప్లింగ్ విండో చిన్నదైతే నాయిస్ ఎక్కువ, అంతే. 60 గానీ దాటి గానీ వస్తే వెంటనే ఇంకోసారి లెక్కపెట్టండి. మళ్లీ అంతే వస్తే బయల్దేరండి.

కెమెరా: ఆసుపత్రికి వెళ్లేసరికి బిడ్డ హాయిగా నిద్రపోతుంటాడు, డాక్టర్‌కి చూపించడానికి ఏమీ ఉండదు. ఏడుస్తున్నప్పుడు కాళ్లు, పొట్ట, మొహం కనిపించేలా ఒక నిమిషం వీడియో తీసి పెట్టుకోండి. వాంతి, విరేచనం రంగు ఫొటో కూడా.

నోట్స్: తాగిన టైమ్, ఏడుపు మొదలైన టైమ్, ఆగిన టైమ్, ఒంటేలు ఎన్నిసార్లు. మేం వారం రాశాం. ఏడుపు దాదాపు రోజూ ఆరు నుంచి తొమ్మిదిలోపే ఉంది, మిగతా రోజంతా బాబు మామూలుగానే ఉన్నాడు. ఇంటికి వచ్చిన ఆశా అక్క ఆ పేజీ చూసి, బరువు తూచి, రొమ్ము పట్టించే తీరు కొంచెం సరిచేసింది. ఏడుపు ఆగిపోలేదు, కానీ తగ్గింది. అంతకంటే ఎక్కువగా అక్క ముఖంలో భయం తగ్గింది.

వద్దు అనేది కూడా ఒకటి చెప్పాలి. ఫోన్ తెర మీద వేలు పెడితే జ్వరం చెప్పే యాప్‌లు నమ్మకండి. డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనండి.

గోదావరి ఎగువన పుట్టిన గాడ్జెట్

ఆశా వర్కర్లు ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వస్తారు. ఇంట్లోనే కాన్పు అయితే మొదటి రోజు కూడా. 2011లో దేశమంతా మొదలైన ఈ పద్ధతి మూలం మన గోదావరి అడవుల్లోనే, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో ఉంది. ఆ జిల్లాలోని సిరొంచ వైపు ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. అక్కడ డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ నడిపే ‘సెర్చ్’ సంస్థ ఊళ్లోని ఆడవాళ్లకే నవజాత శిశువుల్ని చూడటం నేర్పింది. మూడో ఏడాదికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గినట్టు 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది.

అంతకుముందు అక్కడ ఒక పరికరం తయారైంది. మంత్రసానుల్లో చాలామందికి చదువు లేదు, 60 వరకు లెక్కపెట్టడం కష్టం. అందుకని ఒక నిమిషం ఇసుక గడియారం, దాని పక్కన పూసల వరుసలు పెట్టారు. పది ఊపిరులకి ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోపు ఎర్ర పూస దాకా వచ్చేస్తే బిడ్డ ఊపిరి వేగంగా ఉన్నట్టు, న్యుమోనియా అనుమానించాలి. దీని గురించి 1992లో వైద్య పత్రికలో రాశారు. బ్యాటరీ లేదు, సిగ్నల్ లేదు, అప్‌డేట్ లేదు. వాడేవాళ్లకి ఏది రాదో తెలుసుకుని, సరిగ్గా ఆ ఒక్క పనికి కట్టిన డిజైన్. ‘ఎందుకు ఏడుస్తున్నాడు’ అని అది చెప్పదు. ‘ఇప్పుడు వెళ్లాలా, వద్దా’ అనేది చెబుతుంది.

వెర్డిక్ట్

ఏడుపు అనువదించే యాప్‌లు: గ్యాస్ గుర్తుపట్టడానికి కొనొద్దు. ఫ్రీ వెర్షన్ సరదాకి వాడుకున్నా, అది ఇచ్చిన జవాబు మీద మందు వేయడం గానీ, ఆసుపత్రికి వెళ్లడం ఆపడం గానీ చేయొద్దు.

డిజిటల్ థర్మామీటర్: కొనండి.

స్టాప్‌వాచ్, కెమెరా, నోట్స్: ఈ రాత్రే ఇంట్లో ఇంకొకరికి వాడటం నేర్పండి. పసిబిడ్డ పక్కన ఎప్పుడూ ఉండేది అమ్మ, అమ్మమ్మ. మీరు కాదు.

మీ ఇంట్లో, మీ ఫ్రెండ్స్ ఇంట్లో రెండు నెలల లోపు బిడ్డ ఉంటే పైన ఉన్న ‘ఇది గ్యాస్ కాదు’ లిస్ట్‌ని స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. గ్యాలరీలో ఉంటే నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది.